ఉరికొయ్య కింద రాజుగారి పాట

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న సర్ హంఫ్రీ డెల్లో దొరగారికి, ఇంత మార్చి చలిలోనూ కోట్లు బిగించుకుని వచ్చిన మా పేట పెద్దలకు, పొద్దుటి నుంచి పొయ్యి ముందు నిలబడి మనకోసం మలుగు చేపలు వండిన ఈ సత్రం యజమానురాలు ఉర్సులా అమ్మగారికి, స్మిత్‌ఫీల్డ్ సంతలో పాట కాగితాలు అమ్ముకుని బతికే నా తోటివాళ్ళకు, చోటు చాలక ఆ మూల బల్లలెక్కి కూర్చున్న కసాయి మిత్రులకు, అందరికీ పాటలు కట్టే రోజర్ పెన్‌ఫోల్డ్ వందనాలు. ఇక ఎవరిని సాగనంపడానికి మనం కూడామో ఆ మార్జరీ టల్‌కు, మా మార్జరీ అక్కకు, నేను వందనం చెప్పను. చెబితే ‘వేషాలు మాను’ అంటుంది. (నవ్వులు) చూశారా, పెదాలు కదిలాయి, అదే అంది.

దొరగారు ఇంతకుముందు మాట్లాడుతూ అక్క రాజభక్తిని ఎంతో గొప్పగా చెప్పారు. రాజు లేని ఆ పాడు కాలంలో, పాట పాడితే వీపు చిట్లే రోజుల్లో, రాజుగారు తిరిగి వస్తారని సంత నడిబొడ్డున పాడిన ఆడది ఈమె ఒక్కతేనన్నారు. అది నిజం. ఆఖరున ఇంకో మాటన్నారు. నిరుడు జనవరిలో తిరుగుబాటుదారుల్ని ఉరితీసిన రోజున, ఆ ఉరికొయ్య కింద కూడా ఈమె భయం లేకుండా రాజుగారి పాటే పాడిందనీ, శత్రువుల చెవిలో ఆఖరి మాటగా రాజుగారి పేరే మోగించిందనీ అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ పక్కకు చూస్తే అక్క తల వంచుకుని బల్లగుడ్డ అంచును మడతపెడుతోంది. నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నా చొక్కా పట్టుకుని లాగింది. ‘ఒరే రోజర్, నిజం చెబితే చెప్పు, లేకపోతే లేవకు’ అంది. ‘ఏది నిజమక్కా?’ అన్నాను. ‘నువ్వు చూసింది’ అంది.

చూసింది చెప్పగలను. దాని అర్థం అడిగితే మాత్రం ఈ గదిలో నాకంటే తికమకపడ్డ మనిషి ఇంకొకడు లేడు. కాబట్టి దొరగారూ, నా మాటలు కొంచెం అటూ ఇటూ పోతే మన్నించండి.

నన్ను ఎరగనివాళ్ళకు నా సంగతి ఒక్క ముక్క చెబుతాను. నేను మొదట ఒక బడిలో పంతులుగారి కింద పిల్లలకు లాటిన్ చెప్పేవాణ్ణి. పార్లమెంటు వాళ్ళు పాత రాజుగారి తల తీశాక, కొత్త ప్రభుత్వానికి కట్టుబడి ఉంటామని అందరూ ప్రమాణం చెయ్యాలన్నారు. నేను చెయ్యలేదు. అందులో వీరత్వం ఏమీ లేదు, నోరు తెరిచాను, మాట రాలేదు. బడి పోయింది. పాటలు కట్టడం మొదలుపెట్టాను. మొదటి పాట పట్టుకుని సంతకు వచ్చి, గొర్రెల దొడ్డి పక్కన స్టూలెక్కి పాడుతున్న ఈమెకు వినిపించాను. అక్కకు చదువు రాదు, ఒకసారి వింటే మాత్రం పాట మొత్తం పట్టేస్తుంది. విని అడిగింది:

‘తమ్ముడూ, ఈ గద్ద ఎవరు?’

‘రాజుగారు.’

‘ఈ కాకులు?’

‘పార్లమెంటు వాళ్ళు.’

‘మరి ఈ నెమలి?’

‘అది... స్వర్గంలో ఉండే రాణి. గ్రీకు వాళ్ళ దేవత.’

‘గొర్రెను కొనడానికి వచ్చినవాడు ఇన్ని పక్షుల్ని ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడయ్యా? ఒక ఆడదాన్ని పెట్టు. ఇంట్లో కూర్చోబెట్టు. మొగుడు దూరదేశం పోయాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. ఇంకేం వద్దు.’ (నవ్వులు)

నవ్వకండి. అప్పుడు నాకూ నవ్వే వచ్చింది. ఆ తర్వాత తెలిసింది, ఆమె భర్త విల్ టల్ గుర్రపు జీనులు కుట్టే పనివాడనీ, రాజుగారి పక్షాన నేజ్‌బీ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదనీ. శవాన్ని కళ్ళతో చూసినవాళ్ళెవరూ లేరు. ‘చచ్చాడు’ అని ఎవరో చెప్పారు, అంతే. అలాంటి మనిషి చెప్పినట్టు పాట కట్టాను. ఈ గదిలో దాన్ని ఎరగని వాళ్ళుండరు.

*పరదేశం పోయినాడు పెనిమిటీ,*
*పాడు గాలి కొడుతున్నది తలుపునూ,*
*పొయ్యిలోన నిప్పు ఆరనీయకే చెల్లెలా,*
*పొద్దు గుంకేలోపు వస్తాడేమో.*

ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేరు. దూరానున్న మొగుడి కోసం పెళ్ళాం ఎదురుచూస్తే ఏ ప్రభుత్వం మాత్రం కాదంటుంది? తర్వాతి చరణానికి ముందు అక్క చుట్టూ ఒకసారి కలయజూసేది. పార్లమెంటు వాళ్ళ ఎర్ర కోటు సిపాయి కనబడకపోతే గొంతు తగ్గించి అందుకునేది.

*అతని పీట మీద కూచున్నారెవ్వరో,*
*అతని గిన్నెలోన తాగుతున్నారెవ్వరో,*
*నవ్వబోకు చెల్లెలా, ఏడవబోకు చెల్లెలా,*
*నట్టింట దీపాన్ని కొండెక్కనీకే.*

ఆ పీట సింహాసనమనీ, కూచున్నది ఎవరనీ సంతలో దూడకు కూడా తెలుసు. కసాయి మిత్రులు కత్తులు బల్ల మీద మెల్లగా తాటించేవాళ్ళు. చేపలమ్మే ఆడవాళ్ళు పాడకుండా పెదాలు కదిపేవాళ్ళు. రాజులేని ఆ రోజుల్లో, క్రిస్మస్ నాడు కూడా దుకాణం తెరవాల్సిందేనని హుకుం జారీ అయిన ఆ రోజుల్లో, మాకు అదే పండగ.

ఇక ఎర్ర కోటు కనబడితే? అక్కడే అక్క తెలివి చూడాలి. అదే రాగంలో, ఊపిరి మార్చకుండా, దావీదు కీర్తనలోకి దూకేది! సంతంతా భక్తిగా అందుకునేది. ఎప్పుడూ గుడి గడప తొక్కని మన జెఫ్రీ కసాయి కూడా, అదుగో నవ్వుతున్నాడు చూడండి, కళ్ళు మూసుకుని కీర్తన పాడేవాడు. (పెద్ద నవ్వులు) కీర్తనను ఆపే ధైర్యం పార్లమెంటు సిపాయికి ఎక్కడిది? అది వాళ్ళ పాటాయె.

ఆ సిపాయి పేరు ఈనక్ స్టాబ్స్. సార్జెంటు. ఎసెక్స్‌లో నేతపని చేసుకునేవాడు, యుద్ధంలో చేరి పైకొచ్చాడు. వీధిపాటల వాళ్ళను పట్టుకోవడం ఆయన కొలువు. ఈ పేరు ఈ గదిలో ఎత్తకూడదని నాకు తెలుసు, అయినా ఎత్తక తప్పదు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. మొదట్లో ఒకసారి అక్కను పట్టుకుని శిక్షాగృహంలో వేయించాడు. కొరడా దెబ్బలు తిని వచ్చింది. నెల తిరిగేసరికి మళ్ళీ అదే గొర్రెల దొడ్డి పక్కన, అదే స్టూలు మీద. ఆయన వచ్చి నిలబడ్డాడు. ఈమె కీర్తన అందుకుంది. అయ్యేదాకా విని, దగ్గరికి వచ్చి అన్నాడు:

‘అమ్మా, కీర్తనలో నాలుగో చరణం మింగేశావు.’

‘నీకోసం దాచానయ్యా సార్జెంటూ. రేపు రా.’

‘కనీసం మూల మార్చు. ఇదే చోట నిలబడితే నేనేం చెయ్యను? పైవాళ్ళు నన్ను అడగరా?’

‘గొర్రెలు ఇక్కడ కదా అరుస్తాయి. నా శ్రుతి వాటితోనే కలుస్తుంది.’

ఆ రోజు ఆయన పట్టుకోలేదు. ఎందుకో తెలీదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే వరస. ఆయన వస్తాడు, ఈమె కీర్తన అందుకుంటుంది, ఆయన ఏదో వంక పెడతాడు, ఈమె ఏదో తిడుతుంది. ఇద్దరూ శత్రువులే, అందులో నాకేం సందేహం లేదు. ఈమె వీపు మీది మచ్చలు ఆయన పుణ్యమే. కానీ ఆయనకు జ్వరమొచ్చి పది రోజులు రాకపోతే, ‘ఏడీ ఆ దిష్టిబొమ్మ? చచ్చాడా ఏం?’ అని నన్నే అడిగింది. అది కోపమా, మరొకటా? నన్నడక్కండి.

ఒకరోజు మాటల్లో ఆయన నేజ్‌బీ పేరెత్తాడు. తన ఎడమ చెయ్యి సరిగా లేవకపోవడం గురించి ఎవరో అడిగితే, ‘నేజ్‌బీలో తగిలింది’ అన్నాడు. అక్క స్టూలు మీదే ఉంది. పాట ఆపేసింది. వారం రోజులు సంతకు రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు పాడకుండా ఆయన కోసమే చూసింది. రాగానే దిగి ఎదురెళ్ళింది. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

‘చచ్చినవాళ్ళను ఎక్కడ పడేశారు?’ అంది.

ఆయన అర్థం చేసుకున్నాడు. ఎవరి కోసం అని అడగలేదు. ‘పడెయ్యలేదమ్మా. పూడ్చాం. గుట్ట వాలులో. మీవాళ్ళనీ మావాళ్ళనీ.’

‘బురదా?’

‘కాదు. జూన్ నెల కదా. గడ్డి. మోకాళ్ళెత్తు గడ్డి.’

‘ప్రార్థన ఎవరన్నా చదివారా?’

ఆయన కొంతసేపు ఊరుకున్నాడు. ‘నేనే చదివాను’ అన్నాడు.

అది నిజమో, ఆమె కోసం అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు ఇప్పటికీ తెలీదు. అబద్ధం ఆడే మనిషి కాదాయన. కానీ ఆ ఊరుకోవడం ఎందుకో కొంచెం ఎక్కువసేపే ఊరుకున్నాడు. అక్క మాత్రం వెనక్కొచ్చి స్టూలెక్కింది. ఆయన అక్కడ ఉండగానే, కీర్తన కాదు, పాటే అందుకుంది. రెండు చరణాలూ. పీట, గిన్నె, అన్నీ. ఆయన వీపు తిప్పి నిలబడి, గొర్రెల్ని చూస్తూ, మొత్తం విని వెళ్ళిపోయాడు.

(ఆగి, నీళ్ళు తాగుతాడు)

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. కాలం తిరిగింది. రెండేళ్ళ కిందట మే నెలలో కొత్త రాజుగారు సముద్రం దాటి వచ్చారు. లండన్లో గంటలు మోగని గోపురం లేదు, మంట వెయ్యని వీధి లేదు. నిన్నటిదాకా పార్లమెంటుకు జై కొట్టినవాళ్ళు కూడా మెడలో పూలదండలతో ఊరేగారు. అక్కను బీరు పీపా మీదికెక్కించి పాడమన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి అటూ ఇటూ చూడకుండా రెండో చరణం పాడింది. నేను చంటిపిల్లాడిలా ఏడ్చాను. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ ఏడవలేదు. రాజభక్తుణ్ణేనా కాదా అని నన్నెవరైనా శంకిస్తే ఆ రోజును సాక్ష్యం పిలుస్తాను. పాడి దిగాక అక్కను కౌగిలించుకుని, ‘వచ్చేశాడక్కా! మన మొగుడు వచ్చేశాడు!’ అన్నాను. ఆమె నా వీపు తట్టి, ‘మీ మొగుడు వచ్చాడు నాయనా’ అంది. హాస్యమాడిందనుకున్నాను.

సరే. నిరుడు జనవరిలో, క్రీస్తే మా రాజు, ఇంకో రాజు వద్దంటూ కొందరు కత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు కదా. రెండు మూడు రోజులు ఊరంతా తలుపులు బిడాయించుకుంది. తర్వాత పట్టుబడ్డవాళ్ళను విచారించారు. పట్టుబడ్డవాళ్ళలో ఈనక్ స్టాబ్స్ ఉన్నాడు. తన పాత కత్తితో వీధిలో దొరికాడు. గొడవ విని, లండన్లో తాను బస చేసిన ఇంటి గుమ్మం కాపాడుకోవడానికి వచ్చానన్నాడు. గుమ్మం ఒక వీధిలో ఉంటే ఆయన ఇంకో వీధిలో దొరికాడన్నారు. ఆ తిరుగుబాటులో ఉన్నాడా, లేడా? ఉంటే శిక్ష న్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. లేకపోతే? నాకు తెలీదు. ఉరి వేశారు.

అంతకు రెండు రోజుల ముందు సర్ హంఫ్రీ దొరగారు నన్ను పిలిపించి, ఉరికొయ్య దగ్గర పాడటానికి ఒక పాట కట్టమన్నారు. ద్రోహుల్ని చూసి జనం నవ్వాలన్నారు. దొరగారి కొడుకు చిన్న వయసులో అవతలివాళ్ళ తూటాకు పోయాడు. ఆ మాట కోరిన తండ్రిని నేను తప్పుపట్టను. కట్టాను. బాగా వచ్చింది. ఇప్పటికీ బాగుందనే అంటాను. అందులో ఒక్క ముక్క:

*కీర్తనలు పాడిన కంఠమ్ములకు నేడు*
*కొత్త హారమండీ, జనపనారది!*

(కొందరు నవ్వుతారు. ఆగుతాడు.) అవును, నవ్వొస్తుంది. నాకూ వచ్చింది కట్టినప్పుడు. అక్కకు వినిపించాను. ఎప్పటిలాగే ఒక్కసారికే పట్టేసింది. ‘బాగుందా?’ అన్నాను. ‘బాగా కట్టావు. ఊపిరి తీసుకునే చోటు కూడా ఉంచావు’ అంది. అంతకు మించి ఒక్క మాటన్నా నేను ఆలోచించేవాణ్ణి. అనలేదు.

ఆ రోజు ఎముకలు కొరికే చలి. జనం ఇసకేస్తే రాలనంత. మమ్మల్ని ముందుకు తోసి స్టూలు వేశారు. బండి వచ్చి ఉరికొయ్య కింద ఆగింది. అందులో నలుగురు. మూడో మనిషి ఈనక్. గడ్డం పెరిగింది. ఆయన అక్కను చూశాడు. అక్క ఆయన్ను చూసింది. స్టూలెక్కింది. జనం సద్దుమణిగారు. నా పాట కోసం నేను చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఆమె నోరు తెరిచింది.

*పరదేశం పోయినాడు పెనిమిటీ...*

మొదట నేను అనుకున్నాను, మరిచిపోయింది పాపం, గాభరాపడి పాత పాట అందుకుంది అని. కింద నుంచి నా పాట మొదటి మాట అందించాను కూడా. నా వైపు చూడలేదు. రాజుగారి మనుషులు రాజుగారి పాట విని జేజేలు కొట్టారు. ఇంతవరకు దొరగారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ దొరగారు ఎత్తు మీద, గుర్రం మీద ఉన్నారు. నేను కింద, స్టూలు పక్కన ఉన్నాను. నాకు కనబడింది వేరు. ఉరితాడు కింద నిలబడ్డవాళ్ళ ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. నల్ల శాలువాలు కప్పుకుని, ఏడవకూడదని పళ్ళు బిగించుకుని, మా గేలి కోసం సిద్ధపడి వచ్చారు. ఈ పాట వాళ్ళకు పడదు. అది మాది. వాళ్ళ మగవాళ్ళు దాన్ని పాడినవాళ్ళ వీపులు చీల్చారు. అయినా, పొయ్యిలోన నిప్పు ఆరనీయకే చెల్లెలా అనేసరికి, ఒకావిడ మోకాళ్ళ మీద కూలిపోయింది. ఆమె వెనక ఇంకొకరు. వెనక్కి వెనక్కి ఏడుపు పాకింది. మన కసాయి వాళ్ళు, ఆ పాటకు కత్తులు తాటించినవాళ్ళు, జేజేలు కొట్టాలో టోపీలు తియ్యాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అతని పీట మీద కూచున్నారెవ్వరో. రాజుగారు తిరిగొచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ మాట ఇప్పుడు ఎవరి గురించి?

మేజిస్ట్రేటు నన్ను పిలిచాడు. ఒక కానిస్టేబులు అప్పటికే అక్క మోచెయ్యి పట్టుకుని, ఏం చెయ్యమంటారని ఆయన వైపు చూస్తున్నాడు.

‘ఇది రాజభక్తి పాటే కదూ?’ అన్నాడు మేజిస్ట్రేటు.

‘అవునండి. నేనే కట్టాను.’

‘ఇందులో తప్పు మాట ఏమన్నా మార్చి పాడిందా?’

‘లేదండి. ఒక్క అక్షరం మార్చలేదు.’

‘మరి వాళ్ళెందుకు ఏడుస్తున్నారు?’

‘తెలీదండి.’

‘పట్టుకోవాలా, వద్దా?’

‘అదీ తెలీదండి.’ (నవ్వులు; మెల్లగా ఆగిపోతాయి)

వదిలేశారు. పాట అయ్యేదాకా బండి తోలేవాడు కూడా గుర్రాల్ని కదపలేదు. ఆఖరి చరణం అయ్యాక ఈనక్ స్టాబ్స్ బండిలోంచి ఒక్క మాటన్నాడు. ‘ఈసారి ఏదీ మింగలేదమ్మా’ అన్నాడు. బండి వాళ్ళ కాళ్ళ కింద నుంచి కదిలింది.

ఆ రోజు నుంచి ఆమె పాడలేదు. వైద్యుడు గొంతు చూశాడు, ఏ జబ్బూ లేదన్నాడు. నొప్పి లేదు. ‘రావడం లేదు’ అంటుంది, అంతే. నేను బతిమాలాను, అలిగాను, కొత్తవి కట్టి తెచ్చాను. ఆ పాత పాటనే మళ్ళీ అచ్చు వేయిద్దామని అనుమతులిచ్చే దొర దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, ‘రాజుగారు వచ్చేశారు కదయ్యా, ఈ ఆడది ఇంకా ఎవరికోసం ఎదురుచూస్తోంది? అనుమానంగా ఉంది’ అని అడ్డగీత కొట్టాడు. పార్లమెంటు వాళ్ళు ఆపలేని రాజుగారి పాటను రాజుగారి మనిషి ఆపాడు! కోపగించుకుందామనుకున్నాను. కానీ ఆ దొర అడిగిన ప్రశ్న సరైనదే.

ఇప్పుడు అసలు సంగతి. అక్క ఎసెక్స్‌లో తన చెల్లెలి ఇంటికి వెళుతోందని మీ అందరికీ చెప్పాం. అక్కకు చెల్లెలు లేదు. ఆమె వెళుతోంది ఈనక్ స్టాబ్స్ ఇంటికి. ఆయన భార్య పేషన్స్ దగ్గరికి.

(హాలులో కలకలం)

ఉండండి. కూర్చో జెఫ్రీ. నాకూ మొదట మీలాగే తోచింది. ఆ రోజు మోకాళ్ళ మీద కూలిపోయిందన్నానే, ఆవిడే ఈవిడ. జనం చెదిరాక అక్క దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అని నేను మధ్యలోకి వెళ్ళాను. నన్ను పక్కకు నెట్టి, ‘ఆ పాట మా ఇంట్లో ఎవరూ పాడకూడదని మా ఆయన ఆజ్ఞ’ అంది. అక్క తలూపింది. ‘ఆయన మాత్రం గొడ్ల పాకలో పని చేసుకుంటూ అదే కూనిరాగం తీసేవాడు. ఎవరూ వినలేదనుకునేవాడు’ అంది. ఇద్దరూ అక్కడే, ఆ చలిలో నేల మీద చతికిలబడ్డారు. అప్పటి నుంచి ఆవిడ నూలు అమ్మడానికి లండన్ వచ్చినప్పుడల్లా అక్క గదిలోనే దిగేది. ఏం మాట్లాడుకునేవారో తెలీదు. వాళ్ళది వెడల్పు గుడ్డ నేసే మగ్గం. దానికి రెండు వైపులా మనుషులు కూర్చుని, పోగు లాగే నాడె ఇటూ అటూ విసరాలి. ఈనక్ పోయాక అది దుమ్ముపట్టి ఉంది. ‘పెద్ద మగ్గం ఒక్కదాని వల్ల కాదు’ అందట ఆవిడ. ‘గొంతు పోయింది గానీ చేతులున్నాయి’ అందట ఈమె. ఇంతే నాకు తెలిసింది.

అక్కా, అందరి ముందూ అడుగుతున్నాను. ఏడాది నుంచీ అడుగుతున్నదే. ఆ రోజు ఎవరికోసం పాడావు? విల్ కోసమా? రాజుగారి కోసమా? ఆ సార్జెంటు కోసమా?

(మార్జరీ మెల్లగా ఏదో అంటుంది)

వెనక వాళ్ళకు వినబడలేదేమో, చెబుతాను. ‘నువ్వు కట్టిందే పాడదామని ఎక్కానురా, నిజంగా. నోరు తెరిస్తే అది వచ్చింది’ అంటోంది. అంటే ఆమెకూ తెలీదన్నమాట! ఇన్నాళ్ళూ దాచిపెడుతోందనుకుని అలిగాను.

దొరగారు లేచారు. దొరగారూ, నేను మీ మాట కాదన్నానని కోపమొస్తే ఆ కోపం నామీద... ఏమన్నారండీ? ‘ఆ స్టాబ్స్ భార్య ఇప్పుడెక్కడుంది?’ అంటున్నారు. బయటే ఉందండి, సత్రం ముందు బండిలో. అక్కను తీసుకెళ్ళడానికి వచ్చింది. లోపలికి రమ్మంటే రానంది. ఈ గదిలో రాజుగారి పేరున పాత్రలెత్తి తాగుతాం కదా. తను ఎత్తదు. ఎత్తకుండా కూర్చుంటే మనకు అవమానం, ఎత్తితే పోయినవాడికి అవమానం. అందుకని చలిలోనే కూర్చుంది.

(సర్ హంఫ్రీ కిటికీలోంచి బయటి బండిని చూస్తారు. తర్వాత ఏదో అంటారు.)

దొరగారు అంటున్నారు... ఆగండి, నేను సరిగానే విన్నానా? ‘పాత్రలెత్తడం ఆవిడ వెళ్ళాక చూద్దాం. భోజనానికి పిలవండి’ అంటున్నారు. ఉర్సులా అమ్మా, మీరే వెళ్ళి పిలవండి, నేను పిలిస్తే రాదు. దొరగారూ, మీ మొహం చూస్తే ఈ మాట మీకు తేలిగ్గా రాలేదని తెలుస్తోంది. కూర్చోండి.

(ఉర్సులా వెళుతుంది; కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది.)

ఏమందమ్మా? రానందా? ‘ఆ దొరగారికి కృతజ్ఞతలు చెప్పండి, లోపలికి మాత్రం రాను’ అందా? మరి తిండి? ‘పంపితే తింటాను’ అందా. సరే. ఎవరైనా ఒక పళ్ళెంలో... అక్కా, నువ్వెందుకు లేస్తున్నావు? ఇది నీ సన్మానసభ! ఆ పళ్ళెం నాకివ్వు, నేను తీసుకెళతాను. అక్కా, చేపలు ఇంకో రెండు పెట్టుకో. ఉర్సులా అమ్మగారూ, తలుపు పట్టుకోండి, ఆమెకు చేతులు ఖాళీ లేవు.

(తలుపు మూసుకుంటుంది)

మిత్రులారా, ఇలాంటి సభ నేనెప్పుడూ చూడలేదు. ఎవరికి వీడ్కోలు చెప్పాలో ఆవిడ వీధిలో ఉంది. నేను ఇంకా ఆమె గొప్పతనం గురించి ముగింపు మాటలు చెప్పాలి, రాసుకుని కంఠస్థం చేసి వచ్చాను, అందులో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. నేను ఈనాటికీ రాజుగారి మనిషినే. రేపు మళ్ళీ ఆయన్ను వెళ్ళగొడితే మళ్ళీ పాటలు కడతాను. కానీ ఆ పాట విని ఎవరు ఎవరికోసం ఏడుస్తారో నేను చెప్పలేను. కట్టడమే నా చేతిలో ఉందనుకుంటాను, తర్వాతిది కాదు. అదీ గట్టిగా చెప్పలేను.

కిటికీ దగ్గరున్న జెఫ్రీ, కొంచెం చూసి చెప్పవయ్యా, వాళ్ళేం చేస్తున్నారు? మాట్లాడుకుంటున్నారా? లేదా. తింటున్నారా. ఒకే పళ్ళెంలోనా. సరే, సరే. అక్కడి నుంచి జరుగు, చూస్తూ నిలబడకు, బాగుండదు.

వచ్చినందుకు మీ అందరికీ, పిలిచినందుకు పెద్దలకు, వండినందుకు ఉర్సులా అమ్మగారికి, ఇందాకటి ఆ ఒక్క మాట అన్నందుకు సర్ హంఫ్రీ దొరగారికి నా కృతజ్ఞతలు. చేపలు చల్లారిపోతున్నాయి, మీరూ తినండి. సెలవు.